అప్పుడు పడీపడీ నవ్విన సీన్‌కి ఇప్పుడు నవ్వు రాలేదు, దర్శకుడు నాతో ఏం చేశాడు?

తెరచాటు:

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్ట్, ఓపిగ్గా చదవండి.

మొన్న మా అమ్మాయితో కలిసి పాత సినిమా ఒకటి చూశాను. పేరు చెప్పను, చెబితే చర్చంతా ఆ హీరో మీదకి వెళ్లిపోతుంది. కాలేజీ రోజుల్లో ఆరేడుసార్లు చూసిన సినిమా, డైలాగులు ఇప్పటికీ నోటికొచ్చు. అందులో హీరో, అతని స్నేహితులు ఒక అమ్మాయి వెంటపడి ఏడిపించే సీన్ ఒకటి ఉంది. అప్పట్లో ఆ సీన్ రాగానే హాలంతా గోల, నేను కూడా పడీపడీ నవ్వేవాణ్ణి. ఇప్పుడు కూడా అలవాటు ప్రకారం ముందే నవ్వడానికి సిద్ధమై మా అమ్మాయి వైపు చూశాను. తను నవ్వడం లేదు. "నాన్నా, ఆ అమ్మాయి మొహం చూపించరేంటి?" అని అడిగింది, అంతే, ఇంకేమీ అనలేదు.

ఆ మాట నన్ను వదల్లేదు. రాత్రి కూర్చుని ఆ సీన్ వెనక్కి తిప్పి షాట్లు లెక్కపెట్టాను. మొత్తం ముప్పై ఒకటి. ఆ అమ్మాయి మొహం స్పష్టంగా కనిపించేవి రెండే. మిగతావన్నీ హీరో, స్నేహితులు, వాళ్ల నవ్వులు, ఆ అమ్మాయి వీపు, జడ, కాళ్లు. మొహం కనిపించే ఆ రెండు షాట్ల మీద కూడా కామెడీ మ్యూజిక్. అంటే ఆ అమ్మాయికి ఎలా ఉందో ఆలోచించే సందు నాకు ఎక్కడా ఇవ్వలేదు. నా నవ్వు నాదే అనుకున్నాను ఇన్నేళ్లూ.

నా ప్రశ్న ఇది. దర్శకులు ఇదంతా తెలిసే చేస్తారా? ఒక మనిషి కెమెరా ఎక్కడ పెట్టాలో నిర్ణయించడం వల్ల హాల్లో ఉన్న వందల మంది ఎవరి పక్షాన ఉండాలో ముందే తేలిపోతుందా? నా స్నేహితుణ్ణి అడిగితే "సినిమాని సినిమాలా చూడు, అన్నీ తవ్వకు" అన్నాడు. నాకు ఆ జవాబు సరిపోలేదు. లోపలి సంగతులు తెలిసినవాళ్లు చెప్పండి.

కట్‌రూమ్:

తెరచాటు గారూ, నేను ఎడిటింగ్ డిపార్ట్‌మెంట్‌లో అసిస్టెంట్‌గా కొన్నేళ్లు పనిచేశాను, కాబట్టి ఆ టేబుల్ దగ్గర జరిగేది నాకు కొంత తెలుసు.

ముందు పాత సంగతి ఒకటి. సుమారు వందేళ్ల కిందట రష్యాలో లెవ్ కులెషోవ్ అనే దర్శకుడు ఒక ప్రయోగం చేశాడు. మొజుఖిన్ అనే నటుడి మొహం, ఏ భావమూ పెద్దగా లేని ఒకే షాట్, తీసుకుని దాని పక్కన ఒకసారి సూప్ గిన్నె, ఒకసారి శవపేటికలో పాప, ఒకసారి సోఫాలో పడుకున్న స్త్రీ, ఇలా మార్చి మార్చి అతికించాడు. చూసినవాళ్లు ఆ నటుడు ఆకలినీ దుఃఖాన్నీ కోరికనూ ఎంత బాగా పలికించాడో అని మెచ్చుకున్నారట, ఆయన శిష్యుడు పుడోవ్‌కిన్ తర్వాత కొద్ది తేడాలతో రాసిన సంగతి ఇది. నటుడి మొహం మారలేదు. పక్క షాటే మారింది. ఎడిటింగ్ నేర్చుకునే ప్రతివాడికీ మొదటిరోజు చెప్పే కథ ఇదే, కానీ నిజంగా టేబుల్ దగ్గర కూర్చున్నాకే దాని బరువు తెలుస్తుంది.

ఇప్పుడు మీ ప్రశ్న. తెలిసే చేస్తారా అంటే, మీరు అనుకున్నంత తెలిసి చేయరు. నాకు అదే ఎక్కువ బాధ. నేను పనిచేసిన ఒక సినిమాలో అచ్చం మీరు చెప్పినలాంటి సీన్ ఉంది. ఆ అమ్మాయి ఆగి, వెనక్కి తిరిగి, కళ్లలో నీళ్లు ఆపుకుంటూ చూసే షాట్ ఒకటి తీశారు, మూడు సెకన్లు ఉంటుందేమో. నటి చాలా బాగా చేసింది. మొదటి కట్‌లో ఆ షాట్ ఉంది. దర్శకుడు చూసి "ఇది తీసేయండి, ఇక్కడ లాగ్ అవుతోంది, ఫన్ పోతోంది" అన్నారు. ఆయన చెడ్డమనిషి కాదు, ఆడవాళ్లతో సెట్లో ఎంతో మర్యాదగా ఉండేవారు. ఆయన దృష్టిలో అది సీన్ పేస్‌కి సంబంధించిన సమస్య. షాట్ తీసేశాం. ఆ మూడు సెకన్లు, అంటే డెబ్బై రెండు ఫ్రేములు. సీన్ నిజంగానే పరిగెత్తింది, అందరం నవ్వాం, నేనూ నవ్వాను. రీరికార్డింగ్‌లో, అంటే నేపథ్య సంగీతం చేర్చేటప్పుడు, ఆ చోట ఒక కామిక్ బిట్ కూడా పడింది.

అది చిన్న పొరపాటు అని నేను చాలాకాలం అనుకోలేదు, అసలు పొరపాటు అనే అనుకోలేదు. ఒక సీన్‌లో ఎవరి రియాక్షన్ ఉంచాలి, ఎవరిది తీసేయాలి అనేదే ఆ సీన్ ఎవరిది అని నిర్ణయిస్తుంది. మాటలు ఎవరికైనా ఇవ్వండి, చివరగా ఎవరి మొహం మీద ఆగామో ప్రేక్షకుడు వాళ్లతోనే వెళ్లిపోతాడు. మీ అమ్మాయి పట్టుకున్నది సరిగ్గా అదే. తనకి నా తరఫున చెప్పండి, ఎడిటర్లకి ఉండాల్సిన కన్ను ఉంది తనకి.

మూడోఆట:

కట్‌రూమ్ గారు చెప్పింది మొహాల సంగతి. నేను ఇంకో వైపు నుంచి చెబుతాను, ప్రేక్షకుడికి ఏ సంగతి ఎప్పుడు తెలియాలి అనేది. దర్శకుడి అసలు పట్టు అక్కడే ఉంటుందని నా నమ్మకం.

థ్రిల్లర్ సినిమాలకి పేరున్న దర్శకుడు హిచ్‌కాక్, ఫ్రెంచి దర్శకుడు త్రుఫోతో మాట్లాడుతూ చెప్పిన బల్లకింద బాంబు ఉదాహరణ చాలామందికి తెలిసే ఉంటుంది. ఇద్దరు కూర్చుని మాట్లాడుకుంటున్నారు, ఉన్నట్టుండి బాంబు పేలింది, మనకి కొన్ని సెకన్ల పాటు ఉలికిపాటు. అదే బాంబు పెట్టడం మనకి ముందే చూపించి, వాళ్లకి తెలియకుండా అదే మామూలు మాటలు మాట్లాడిస్తే, మనం పావుగంట కుర్చీ అంచున కూర్చుంటాం. బాంబు అదే, మనుషులూ వాళ్లే, మనకి తెలిసిన సంగతి ఒక్కటే తేడా.

కానీ నాకు అంతకంటే భయంకరంగా అనిపించేది ఆయన 1960లో తీసిన 'సైకో'లోని ఒక చోటు. అందరూ బాత్రూమ్ హత్య గురించి చెబుతారు, అది సరే. ఆ తర్వాత వచ్చేది చూడండి. సినిమా సగం కాకముందే కథానాయిక చనిపోయింది, ఇంతసేపూ మనం ఆమెతోనే ఉన్నాం, ఆమె దొంగతనం చేసినా ఆమె పట్టుబడకూడదనే కోరుకున్నాం. ఇప్పుడు ఆమె దిగిన మోటెల్ నడిపే నార్మన్ ఆ బాత్రూమ్ అంతా కడుగుతాడు, తుడుస్తాడు, చాలాసేపు, మాటల్లేకుండా. ఆమె శవాన్ని కారులో పెట్టి బురదగుంటలోకి తోస్తాడు. కారు మునుగుతూ మునుగుతూ మధ్యలో ఆగిపోతుంది. ఆ క్షణంలో మీ ఊపిరి ఏమవుతుందో గమనించండి. "అయ్యో, మునగట్లేదే" అనుకుంటాం! ఒక హత్యను దాచేవాడి తరఫున మనకి టెన్షన్. కారు మళ్లీ కదిలి మునిగాక హమ్మయ్య అనుకుంటాం. ఎవరూ మనల్ని అతని పక్షాన ఉండమని అడగలేదు, అతను మంచివాడని ఒక్క డైలాగూ లేదు. ఆ కడగడం, తుడవడం అంతసేపు అతనితోపాటు చేయించాడు, కష్టపడి పని చేసేవాడితో మనం ఉండిపోతాం, అంతే.

నేను మొదటిసారి చూసినప్పుడు నాకు అది తెలియలేదు, రెండోసారి తెలిసి చాలాసేపు మనసు బాగోలేదు. అయితే హిచ్‌కాక్‌కీ మీరు చూసిన సినిమాకీ తేడా ఉంది. ఆయన మనల్ని తప్పువాడి పక్కన కూర్చోబెట్టి, ఎక్కడ కూర్చున్నామో కాసేపటికి మనకే తెలిసేలా చేస్తాడు. మీ సినిమాలో ఆ తెలియడం మీ అమ్మాయి అడిగేదాకా రాలేదు.

నలుగురిపేర్లు:

అందరూ దర్శకుడు దర్శకుడు అంటున్నారు, నాకు ఇది ఎప్పుడూ మింగుడుపడదు. సినిమా మొత్తం ఒక్కడి ఖాతాలో వేయడం 1950లలో ఫ్రెంచి విమర్శకులు గట్టిగా మొదలుపెట్టిన పద్ధతి. త్రుఫో 1954లో రాసిన వ్యాసంతో అది ఊపందుకుంది, 1962లో విమర్శకుడు ఆండ్రూ సారిస్ దాన్ని అమెరికాకి ఒక సిద్ధాంతంగా తీసుకెళ్లాడు, మరుసటి ఏడాదే అక్కడి విమర్శకురాలు పౌలీన్ కేల్ దాన్ని చీల్చిచెండాడింది. నేను కేల్ పక్షం.

మూడోఆట గారు చెప్పిన 'సైకో'నే తీసుకోండి. ఆ బాత్రూమ్ సీన్‌కి సంగీతం వద్దనుకున్నాడు హిచ్‌కాక్. సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్ వినకుండా ఆ వయొలిన్ల కీచుశబ్దం చేసి వినిపించాక మనసు మార్చుకున్నాడు. ఇవాళ ఆ సీన్ అంటే జనం నోటితో చేసి చూపించేది ఆ శబ్దాన్నే కదా. 1975లో వచ్చిన సొరచేప సినిమా 'జాస్' తీసుకోండి. దానికోసం చేసిన మరచేప ఉప్పునీళ్లలో మాటిమాటికీ మొరాయించింది, అందుకే చేపని చూపించకుండా నీళ్లనీ పీపాలనీ చూపించి నడిపించాల్సి వచ్చింది, దానికి జాన్ విలియమ్స్ ఆ రెండు స్వరాల బిట్ ఇచ్చాడు, వెర్నా ఫీల్డ్స్ కత్తిరించింది. సంగీతానికీ ఎడిటింగ్‌కీ రెండింటికీ ఆస్కార్లు వచ్చాయి. ఆర్సన్ వెల్స్ ఇరవై అయిదేళ్ల వయసులో 'సిటిజన్ కేన్' తీసినప్పుడు తన పేరున్న టైటిల్ కార్డు మీదే కెమెరామన్ గ్రెగ్ టోలాండ్ పేరు కూడా వేయించాడు. ఆ సినిమా చూపులో టోలాండ్ వాటా ఎంతో ఆయనకి తెలుసు.

మనవాళ్లలో 'మాయాబజార్' అనగానే కె.వి.రెడ్డి అంటాం, కెమెరామన్ మార్కస్ బార్ట్‌లీ వెన్నెల లేకపోతే, పింగళి మాటలు లేకపోతే ఏం మిగులుతుందో చెప్పండి.

కాబట్టి ఆ ఏడిపించే సీన్‌కి కూడా రాసినవాడు, తీసినవాడు, కత్తిరించినవాడు, వాయించినవాడు, చివరికి నవ్విన మనం, అందరం బాధ్యులమే అంటాను.

కట్‌రూమ్:

నలుగురిపేర్లు గారూ, మీ కోపం నాకు అర్థమైంది, మా డిపార్ట్‌మెంట్ వాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు, కాబట్టి మీరు ఆ మాట అన్నందుకు సంతోషం కూడా. కానీ మీ ఉదాహరణలనే ఇంకోసారి చూడండి. హెర్మన్ చేసి వినిపించాడు సరే, "ఉంచుదాం" అన్నది ఎవరు? చేప పాడైంది సరే, షూటింగ్ ఆపేయకుండా చేప లేకుండానే భయపెడదామని దారి మార్చింది ఎవరు? దర్శకుడు అన్నీ తానే చేయడు. సెట్లో రోజుకి వందసార్లు ఎవరో ఒకరు వచ్చి "ఇదా, అదా?" అని అడుగుతుంటారు, ఆ జవాబులు చెప్పడమే ఆయన పని. చీర రంగు నుంచి చివరి షాట్ పొడవు దాకా. ఆ జవాబుల్లో ఒక వరస ఏర్పడుతుంది చూడండి, అదే ఆయన ముద్ర.

'మాయాబజార్' విషయానికే వద్దాం. ఆ కథంతా పాండవుల చుట్టూ తిరుగుతున్నా పాండవులు తెర మీదకి రారు. ఎన్నిసార్లు చూసినా మనకి ఆ లోటు తెలియదు. కెమెరా, మాటలు, పాటలు ఎవరెవరివో కావచ్చు, ఇదంతా కలిపి పాండవులు లేకుండానే నిలబెడతానన్న ధైర్యానికి అవునన్నది దర్శకుడే. ప్రతి సీన్ ఎంత నిడివి ఉండాలో రిహార్సల్స్‌లోనే గడియారం పెట్టి చూసుకునేవాడని కె.వి.రెడ్డికి పేరు. ఏది ఉండకూడదో తెలిసినవాడు కాబట్టే అంత లెక్క.

తెరచాటు:

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ థాంక్స్. కట్‌రూమ్ గారూ, ఆ డెబ్బై రెండు ఫ్రేముల సంగతి చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను.

ఇంకో అనుమానం. హాల్లో ఉన్నంతసేపూ మనల్ని లాక్కెళ్తారు, ఒప్పుకుంటాను. బయటికి వచ్చాక? మా స్నేహితుడి వాదన ఏంటంటే సినిమా చూసి ఎవడూ చెడిపోడు, ఎవడూ బాగుపడడు అని. దీనికి ఆధారాలు ఎవరైనా చెబుతారా?

పాతరీలు:

మీ స్నేహితుడికి 1915 సంగతి చెప్పండి. అమెరికన్ దర్శకుడు డి.డబ్ల్యు. గ్రిఫిత్ 'ద బర్త్ ఆఫ్ ఎ నేషన్' తీశాడు. క్లోజప్పులు, ఒకేసారి రెండుచోట్ల జరిగే సంఘటనలని మార్చి మార్చి చూపించడం, ఇవన్నీ అంతకుముందు లేవని కాదు, ఆయన అంత పెద్ద ఎత్తున, అంత పట్టుతో వాడాడు. ఆ పట్టంతా దేనికి వాడాడో చూడండి. నల్లజాతివాళ్లని రాక్షసుల్లా, నల్లజాతివాళ్ల మీద హింసకి దిగిన కు క్లక్స్ క్లాన్ అనే తెల్లవాళ్ల ముఠాని రక్షించడానికి గుర్రాల మీద దూసుకొచ్చే వీరుల్లా చూపించాడు. చూస్తున్నవాడు ఆ గుర్రాలు త్వరగా రావాలని కోరుకునేలా కట్ చేశాడు. ఎప్పుడో ఆరిపోయిన క్లాన్ అదే ఏడాది మళ్లీ పుట్టింది, ఈ సినిమాని ఏళ్ల తరబడి మనుషుల్ని చేర్చుకోవడానికి వాడుకుంది. ఆ రోజుల్లోనే నల్లజాతి సంఘాలు థియేటర్ల ముందు నిరసనలు చేశాయి, అంటే "అప్పట్లో ఎవరికీ తెలియదు" అనడానికి కూడా వీల్లేదు. ఒక్క సినిమా వల్లే అంత జరిగిందని నేను అనను, ఆ ద్వేషం అప్పటికే సమాజంలో ఉంది. దానికి ఒక బొమ్మ, ఒక వేషం, ఒక ఊపు ఇచ్చింది ఆ సినిమా.

రష్యాలో ఐజెన్‌స్టైన్ అనే దర్శకుడు 1925లో 'బాటిల్‌షిప్ పొటెంకిన్' తీశాడు. ఒడెస్సా మెట్ల మీద సైనికులు జనాన్ని కాలుస్తూ దిగే ఆ సీన్ ఎంత బలంగా ఉంటుందంటే, అది అచ్చంగా అలాగే జరిగిందని చాలామంది నమ్మేశారు. నగరంలో అప్పుడు కాల్పులు జరిగిన మాట నిజమే కానీ మెట్ల మీద ఆ ఊచకోత దర్శకుడి కల్పన. బ్రిటన్‌లో ఆ సినిమాని 1954 దాకా బహిరంగంగా ఆడనివ్వలేదు. సినిమా ఎవర్నీ మార్చదు అనుకుంటే ప్రభుత్వాలకి అంత భయం ఎందుకు?

'జాస్' ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. ఆ నవల రాసిన పీటర్ బెంచ్లీ తర్వాత జీవితంలో చాలాభాగం సొరచేపల్ని కాపాడాలని ప్రచారం చేశాడు. ఆ పుస్తకం, సినిమా వల్ల సొరచేపలకి జరిగిన నష్టానికి బాధపడుతున్నానని ఆ సినిమా దర్శకుడు స్పీల్‌బర్గ్ కూడా 2022లో చెప్పాడు. కనిపించని చేప మీద జనానికి అంత భయం పుట్టించిన నైపుణ్యం, బయటికొచ్చాక నిజం చేపల మీద పడింది.

అన్నీ చెడ్డవే కాదు. ఎరల్ మోరిస్ 1988లో 'ద థిన్ బ్లూ లైన్' అనే డాక్యుమెంటరీ తీశాడు. ఒక పోలీసును చంపాడన్న కేసులో శిక్షపడి జైల్లో ఉన్న మనిషి గురించి. ఆ రాత్రి జరిగినదాన్ని ఒక్కో సాక్షి చెప్పినట్టుగా ఒక్కోసారి మళ్లీ మళ్లీ చిత్రించి చూపిస్తాడు, చూసేకొద్దీ ఆ సాక్ష్యాలు ఒకదానికొకటి అతకడం లేదని మనకే అర్థమవుతుంది. ఆ మనిషి 1989లో విడుదలయ్యాడు. ఒక దర్శకుడు కెమెరా పట్టుకుని వెళ్లకపోతే ఆయన ఇంకెన్నాళ్లు లోపల ఉండేవాడో.

ఇక 1980లో 'శంకరాభరణం'. స్టార్ లేడు, ఫైట్ లేదు, నాటకాల నుంచి వచ్చిన సోమయాజులు గారు నెరిసిన జుట్టుతో కథానాయకుడు. ఆ తర్వాత ఎన్నో ఇళ్లల్లో పిల్లల్ని సంగీతానికి పంపడం మొదలైందని మా ముందుతరం వాళ్లు ఇప్పటికీ చెబుతారు. దీనికి నా దగ్గర లెక్కలేవీ లేవు కానీ మా అక్క అలా వెళ్లినవాళ్లలో ఒకతె, నేను కళ్లారా చూశాను.

మూడోఆట:

పాతరీలు గారి జాబితాకి ఒకటి కలపనివ్వండి, ఇది తెరచాటు గారి మొదటి ప్రశ్నకి దగ్గర. జపాన్ దర్శకుడు కురొసావా 'రషోమాన్', 1950. ఒక హత్య, నలుగురు చెప్పే నాలుగు కథలు. సాక్షులు విచారణలో కూర్చుని చెబుతుంటారు, కానీ విచారించే అధికారి ఒక్కసారి కూడా కనిపించడు, గొంతు కూడా వినిపించదు. వాళ్లు కెమెరా వైపు తిరిగి మాట్లాడతారు. అంటే ఆ అధికారి కుర్చీలో మనం ఉన్నాం. పక్షం తేల్చేసి మన చేతికివ్వడం కాకుండా, తేల్చుకోమని మనల్ని కూర్చోబెట్టాడు. చివరిదాకా ఎవరిది నిజమో చెప్పడు కూడా.

ఒక మొహం చూపించకపోవడం ఇక్కడా ఉంది చూడండి. మీ సినిమాలో ఆ అమ్మాయి మొహం చూపించకపోతే ఆమె కథలోంచి మాయమైంది. ఇక్కడ అధికారి మొహం చూపించకపోతే ఆ చోటు మనకి దొరికింది. అందుకే ఏ పద్ధతీ దానంతట అది మంచిదీ కాదు, చెడ్డదీ కాదు అంటాను, ఎవర్ని దాస్తున్నాం, ఎందుకు దాస్తున్నాం అన్నదే లెక్క.

నలుగురిపేర్లు:

'రషోమాన్' దెబ్బకి నేను కొంచెం తగ్గాను, ఒప్పుకుంటున్నాను. కెమెరామన్ మియాగావా అడవిలో అద్దాలతో ఎండని మొహాల మీదకి తిప్పి వెలుగు తెచ్చాడు, ఆ గొప్ప ఆయనదే. కానీ ఆ అధికారి కుర్చీ ఖాళీగా ఉంచడం మాత్రం దర్శకుడి ఆలోచనే అయి ఉండాలి.

ఒక్క విషయంలో మాత్రం తగ్గను. "జనం అదే అడుగుతున్నారు, అందుకే తీస్తున్నాం" అనేవాళ్లు ఉన్నారు చూశారా, ఆ మాటని నేను అస్సలు ఒప్పుకోను. శాస్త్రీయ సంగీతం నేర్పే ముసలాయన కథ కావాలని 1980కి ముందు ఎవరు అడిగారు?

తెరచాటు:

ఆఖరుగా ఒకటి చెప్పాలని వచ్చాను. కట్‌రూమ్ గారి మాట మా అమ్మాయికి చదివి వినిపించాను, చాలా సంతోషపడింది. తనే ఒక ఉపాయం చెప్పింది, ఆ సీన్‌ని సౌండ్ తీసేసి చూద్దామని. ఇద్దరం కూర్చుని చూశాం.

మ్యూజిక్, నవ్వులు పోయాక అది వేరే సీన్‌లా ఉంది. నలుగురు మగపిల్లలు ఒక అమ్మాయి వెనకాల నడుస్తున్నారు, అంతే. మొహం కనిపించని ఆ షాట్లలో నేను ఇన్నేళ్లుగా చూడనిది ఇంకొకటి కనిపించింది. ఆ అమ్మాయి పుస్తకాలు మొదట చేతిలో మామూలుగా పట్టుకుని ఉంటుంది. మూడో షాట్ నుంచి వాటిని గుండెలకి గట్టిగా అదుముకుని నడుస్తుంది, అడుగుల వేగం పెరుగుతుంది. అది దర్శకుడు చెప్పి చేయించాడో, ఆ నటి తనంతట తాను చేసిందో తెలియదు. కట్ చేసినవాళ్లకి అది కనిపించి ఉండదు, కనిపించి ఉంటే తీసేసేవాళ్లేమో.